ఇటలీలో యుద్ధం టైంలో మామూలు జనం ఎలా బతికారు? మా ఇంటి బామ్మగారి రొట్టె ముక్క చూశాక అడుగుతున్నా

బొలోన్యా కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఇప్పుడు బొలోన్యాలో మాస్టర్స్ చేస్తున్నా. ఒక పెద్దావిడ ఇంట్లో రూం తీసుకుని ఉంటున్నా, ఆవిడకి 88 ఏళ్ళు, ఇక్కడ అమ్మమ్మనైనా నానమ్మనైనా నోన్నా అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తా.

మొన్న వంటగది శుభ్రం చేస్తుంటే నాలుగు రోజుల కిందటి రొట్టె ముక్క ఒకటి కనబడింది, రాయిలా గట్టిపడిపోయింది, చెత్తబుట్టలో పడేశా. ఆవిడ చూసింది. తిట్టలేదు. నడుం నొప్పితో లేవడమే కష్టం ఆవిడకి, అయినా వంగి బుట్టలోంచి ఆ ముక్క తీసి, ఆప్రాన్‌కి తుడిచి, ముద్దు పెట్టుకుని గుడ్డసంచీలో వేసుకుంది. మన ఇళ్ళల్లో అన్నం మెతుకు కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటాం చూడండి, అచ్చం అలాగే. నాకు తల కొట్టేసినట్టయింది. సారీ చెప్తే "ఫామే" అంది, ఆకలి అని. కాసేపాగి "గ్వెర్రా" అంది, యుద్ధం అని. అంతే, మళ్ళీ ఉల్లిపాయలు తరుక్కుంటూ కూర్చుంది.

స్కూల్లో మనం రెండో ప్రపంచ యుద్ధం అంటే అక్షరాజ్యాలు, మిత్రరాజ్యాలు, ముస్సోలినీ, ఇంక తేదీలు, ఇవే చదివాం. పరీక్షలో రాసేసి మర్చిపోయాం. ఆ టైంలో ఇళ్ళల్లో ఏం జరిగింది, ఏం తిన్నారు, పిల్లల్ని ఎక్కడ దాచుకున్నారు, మగవాళ్ళు లేని ఇళ్ళు ఎలా నడిచాయి? ఆవిడని అడగాలని ఉంది కానీ ఏమీ తెలీకుండా వెళ్ళి పుండు కెలికినట్టు అడగడం ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్ మాస్టారు, గుంటూరు:

బాబూ, మంచి ప్రశ్న అడిగావు. ముప్పై ఏళ్ళు హిస్టరీ చెప్పాను, ఈ ప్రశ్న నన్ను అడిగిన పిల్లలు తక్కువ.

ఇటలీ యుద్ధంలోకి దిగింది 1940 జూన్ 10న. కానీ ఇళ్ళల్లోకి యుద్ధం అంతకు ముందే వచ్చింది. ఇథియోపియా మీద దండయాత్ర చేసినందుకు ఇటలీ మీద ఆంక్షలు పెడితే, 1935 డిసెంబర్ 18న పెళ్ళి ఉంగరాలు దేశానికి ఇవ్వాలని పిలుపిచ్చారు. రాణి కూడా ఇచ్చింది. బంగారపు ఉంగరం తీసుకుని బదులుగా ఇనుప ఉంగరం వేలికి పెట్టి పంపేవాళ్ళు. మన ఆడవాళ్ళని మంగళసూత్రాలు తీసి ఇమ్మంటే ఎలా ఉంటుందో ఊహించుకో. ఇష్టపడి ఇచ్చినవాళ్ళున్నారు, అసలుది దాచేసి చవక ఉంగరం కొని ఇచ్చినవాళ్ళూ ఉన్నారు.

తర్వాత రేషన్ కార్డు. ముందు పంచదార, తర్వాత నూనె, పాస్తా, ఒక్కోటీ దాంట్లోకి ఎక్కాయి. 1941 అక్టోబర్ 1 నుంచి రొట్టె కూడా, మనిషికి రోజుకి 200 గ్రాములు. 1942 మార్చిలో దాన్ని 150 చేశారు. కాయకష్టం చేసేవాళ్ళకి కొంచెం ఎక్కువిచ్చేవాళ్ళు. రొట్టె అంటే వాళ్ళకి మన అన్నం, కూర కాదు, అది గుర్తుపెట్టుకో. ఆ 150 గ్రాములు కూడా మంచి గోధుమ పిండి కాదు, మొక్కజొన్నలూ బంగాళాదుంపలూ ఏవేవో కలిపేవాళ్ళు. కాఫీ బదులు బార్లీ, చికోరీ వేరు వేయించి కాచుకునేవాళ్ళు. ఊరి మధ్య పార్కుల్లో పూలమొక్కలు పీకేసి కూరగాయలు, గోధుమలు వేశారు. 1942లో చర్చి గంటలు కూడా దింపి కరిగించడానికి పట్టుకుపోయారు. ఊరికి పొద్దు చెప్పే గంట, పెళ్ళికీ చావుకీ మోగే గంట, అది పోతే ఊరు ఎలా ఉంటుంది చెప్పు.

పల్లెల్లో రైతులకి ఇంకో బాధ. మన దగ్గర లెవీ ధాన్యం అనేవాళ్ళం కదా, అలాంటిదే అక్కడా, పండింది గవర్నమెంటు గోదాముకి తోలాలి, తిండికి ఇంత అని లెక్క. పైగా చాలామంది సగపాలు కౌలుదార్లు, పంటలో సగం భూస్వామికే. కాబట్టి రాత్రిపూట గోధుమలు కాఫీ మరలో దొంగచాటుగా విసురుకునేవాళ్ళు. పందిని కోసినా చప్పుడు బయటికి రాకుండా కోసుకునేవాళ్ళు.

ఉప్పు సంగతి చెప్పకపోతే పూర్తికాదు. 1944లో ఉప్పు దొరకడం మానేసింది. సముద్రం పక్క కర్రారా, మస్సా ఊళ్ళ ఆడవాళ్ళు సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు తీసి, అది మోసుకుని అపెన్నైన్ కొండలు నడిచి దాటి పార్మా వైపు వెళ్ళి, ఉప్పిచ్చి పిండి తెచ్చుకునేవాళ్ళు. దారిలో బాంబులు, సైనికుల చెకింగులు. మగవాళ్ళు బయట కనబడితే పట్టుకుపోతారు కాబట్టి ఆడవాళ్ళే వెళ్ళాల్సి వచ్చింది.

మీ నోన్నాకి అప్పుడు ఐదారేళ్ళుంటాయి. ఆ రొట్టె ముక్క ఆవిడకి చెత్త ఎలా అవుతుంది బాబూ.

నాపోలి అక్క:

నేను నేపుల్స్‌లో ఆరేండ్ల నుంచి ఉంటున్న తమ్ముడూ, మాది కరీంనగర్. ఇక్కడోళ్ళు వాళ్ళ ఊరిని నాపోలి అంటరు. మాస్టారు తిండి గురించి చెప్పిండ్రు కదా, నేను సొరంగాల గురించి చెప్త, కళ్ళతోని చూసిన కాబట్టి.

ఈ ఊరి కింద ఇంకో ఊరు ఉన్నది. మెత్తటి రాయి కాబట్టి గ్రీకుల కాలం నుంచి తవ్వి తీసి పైన ఇండ్లు కట్టుకున్నరు, కింద గుహలు మిగిలినయి, తర్వాత వాటిల్లనే నీళ్ళు పారిచ్చిండ్రు. యుద్ధం టైంల మీద బాంబులు పడుతుంటే జనం అందులకు దిగి పండుకునేటోళ్ళు. ఇటలీల ఎక్కువ బాంబులు పడ్డ ఊర్లల్ల ఇది ముందుంటది, ఓడరేవు కదా, వందసార్లకు మీదనే పడ్డయి. సైరన్ మోగంగనే మెట్లు దిగాలె, వందకు మీద మెట్లు, చంటిపిల్లలు ముసలోళ్ళు అందరూ, చీకట్ల. ఇండ్లు కూలినోళ్ళు ఇగ అక్కడనే కాపురం పెట్టిండ్రు. నేను పోయినప్పుడు తుప్పుబట్టిన మంచాలు, పిల్లల బొమ్మ కారు ఒకటి, గోడల మీద బొగ్గుతోని రాసిన రాతలు చూసిన. ఆ బొమ్మ కారు దగ్గర నాకు కాళ్ళు ఆడలే. నా కొడుక్కు అసొంటిదే ఒకటి ఉన్నది, పండుకునేటప్పుడు గూడ చేతులకెళ్ళి ఇడువడు.

1943 సెప్టెంబర్ 8న ఇటలీ లొంగిపోయినట్టు రేడియోల చెప్పిండ్రు. జనం యుద్ధం అయిపోయిందని రోడ్ల మీదికొచ్చి సంబురపడ్డరు, కానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది, నిన్నటిదాక దోస్తులైన జర్మన్లు దుష్మన్లయిండ్రు, రాజు రోమ్ ఇడిసిపెట్టి బ్రిండిసికి పోయిండు, సైన్యానికి ఏం చెయ్యాల్నో చెప్పెటోడు లేడు. నాపోలిల జర్మన్ కమాండరు పద్దెనిమిది నుంచి ముప్పై మూడేండ్ల మగోళ్ళంత పనికి రావాలె అని ఆర్డరేసిండు. ముప్పై వేల మంది వస్తరు అనుకుంటే నూటయాభై మంది గూడ సరిగ్గ రాలే. ఇగ ఇండ్లల్ల జొరబడి గుంజుకపోవుడు షురూ చేసిండ్రు. అప్పుడు ఊరు తిరగబడ్డది. సెప్టెంబర్ 27 నుంచి 30 దాక నాలుగు రోజులు. ఆడోళ్ళు బాల్కనీల నుంచి కుర్చీలు బల్లలు పారేసి రోడ్డు బంద్ చేసిండ్రు, పిల్లలు తుపాకులు పట్టిండ్రు. జెన్నారో కపువోజ్జో అని పదకొండేండ్ల పిలగాడు ఆ కొట్లాటల సచ్చిపోయిండు, గోల్డ్ మెడల్ ఇచ్చిండ్రు వాళ్ళమ్మకు. మెడల్ తీస్కొని ఆ తల్లి ఏం చేస్తది.

అక్టోబర్ 1న మిత్రరాజ్యాలోళ్ళు వచ్చిండ్రు కానీ ఊర్ల నీళ్ళు లేవు, కరెంటు లేదు, జర్మన్లు పొయ్యేటప్పుడు అన్ని పేల్చేసి పోయిండ్రు. ఆ చలికాలం పేలతోని టైఫస్ జ్వరం పాకింది. లైన్ల నిలబెట్టి అంగీల్ల, తలల డీడీటీ పొడి కొట్టిండ్రు, పది లక్షల మందికి మీద. మా పక్కింటి ముసలాయన ఇప్పటికీ ఏదన్న తెల్ల పొడి కనబడితే చెయ్యి ముక్కు మీదికి పోతది, ఆయనకు తెల్వకుండనే.

విశాఖ శ్రీను:

అందరూ బాధ గురించే రాస్తున్నారు, ఒక్క మాట అడుగుతా ఏమనుకోకండి. ఈ జనమే కదా ముస్సోలినీ బాల్కనీ కింద నిలబడి చప్పట్లు కొట్టింది? ఇథియోపియాలో విషవాయువు వదిలింది కూడా వీళ్ళ సైన్యమే. వాళ్ళ ఆకలి మాత్రమే చెప్పుకుంటే ఎలా?

రిటైర్డ్ మాస్టారు, గుంటూరు:

శ్రీను గారూ, అడగాల్సిన మాటే అడిగారు. అది నిజం, దాచాల్సిన పని లేదు. 1938లో యూదులకి వ్యతిరేకంగా చట్టాలు వస్తే బడిలో పక్క బెంచీ పిల్లవాడు ఒక్కరోజులో మాయమైపోయాడు, చాలా ఇళ్ళల్లో దాని గురించి మాట్లాడుకోలేదు కూడా. 1943 అక్టోబర్ 16న రోమ్‌లో వెయ్యిమందికి పైగా యూదుల్ని జర్మన్లు ఇళ్ళల్లోంచి పట్టుకుని ఆష్విట్జ్ అనే మరణ శిబిరానికి పంపితే తిరిగొచ్చింది పదహారు మంది. ఆ రోజే కొన్ని మఠాల్లో, కొందరి ఇళ్ళల్లో తలుపులు తీసి దాచినవాళ్ళూ ఉన్నారు. పేర్లు రాసిచ్చి పట్టించినవాళ్ళూ ఉన్నారు. ఒకే వీధిలో రెండు రకాల మనుషులూ ఉన్నారండి. చప్పట్లు కొట్టిన చేతుల్లో కొన్ని తర్వాత సమ్మె చేశాయి కూడా, 1943 మార్చిలో టురిన్‌లో ఫియట్ కార్మికులు పని ఆపేస్తే అది మిలాన్ దాకా పాకింది. మొదట అడిగింది ధరలకి సరిపడా కూలి, బాంబులకి ఇళ్ళు పోయినవాళ్ళకి సాయం. కడుపు కాలాక భయం తగ్గింది. అయితే 1940లో రెండు మూడేళ్ళున్న పిల్ల ఎవరికి చప్పట్లు కొట్టింది చెప్పండి.

రెజ్జో ఎమిలియా నుంచి:

నేను బొలోన్యాకి దగ్గర్లోనే ఉంటా బ్రో, రైల్లో గంట కూడా పట్టదు. ఇక్కడ గత్తాతికోలో చెర్వీ అన్నదమ్ముల ఇల్లు మ్యూజియం చేశారు, నువ్వు తప్పకుండా వెళ్ళు. మాది రైతు కుటుంబం, అందుకేనేమో ఆ ఇల్లు చూసినప్పుడు మా ఊరి ఇల్లు చూసినట్టే అనిపించింది, పశువుల కొట్టం, గడ్డివాము, పెద్ద వంటగది.

ఏడుగురు అన్నదమ్ములు, ఉమ్మడి కుటుంబం, కౌలు రైతులు. 1939లో ఒక ట్రాక్టర్ కొన్నారు, దాంతో పాటు ఒక గ్లోబు కూడా తెచ్చుకున్నారు. ట్రాక్టర్ సరే, రైతు ఇంటికి గ్లోబు ఎందుకు అని ఊళ్ళోవాళ్ళు అనుకునే ఉంటారు. ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి, నేను ఆ గ్లోబు ముందు చాలాసేపు నిలబడ్డా.

1943 జూలై 25న ముస్సోలినీని దింపేశారని తెలిసి వీళ్ళు పిండి అప్పు తెచ్చి పాస్తా వండి, వెన్న, చీజు కలిపి, పాల క్యాన్లలో నింపి బండి మీద కంపెజీనె ఊరి మధ్యకి తీసుకెళ్ళి అందరికీ పెట్టారు. రెండేళ్ళ నుంచి రేషన్ మీద బతుకుతున్న ఊరు అది, వెన్న వేసిన పాస్తా అంటే వాళ్ళకి పెళ్ళి భోజనమే. ఇప్పటికీ ప్రతి జూలై 25న ఇటలీలో చాలా ఊళ్ళల్లో అలాగే వండి పెడతారు, నేనూ రెండుసార్లు తిన్నా.

ఆ తర్వాత పారిపోయి వచ్చిన యుద్ధఖైదీల్ని ఇంట్లో దాచి తిండి పెట్టారు. నవంబర్ 25న ఇల్లు చుట్టుముట్టి తగలబెట్టి పట్టుకుపోయారు, డిసెంబర్ 28న ఏడుగుర్నీ ఒకేసారి కాల్చేశారు. పట్టుకుపోయింది, కాల్చింది ఇటాలియన్ ఫాసిస్టులే, జర్మన్లు కాదు. తండ్రి అల్చీదె కూడా జైల్లోనే ఉన్నాడు కానీ ఆయనకి తెలీదు. జనవరిలో జైలు మీద బాంబు పడితే బయటపడి ఇంటికొచ్చి కొడుకులు ఇంకా జైల్లో ఉన్నారనే అనుకున్నాడు, ఆ తల్లికి ఆయనతో చెప్పడానికి నోరు రాక చాలా రోజులు దాచింది. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం వడ్డిస్తూ దాచడం. ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది. ఆయన మాత్రం కోడళ్ళతో మనవలతో మళ్ళీ పొలం దున్నాడు, ఒక పంట పోతే ఇంకో పంట వస్తుంది అన్నాడట. 1970 దాకా బతికాడు.

ఇంకొకటి చెప్పాలి. యుద్ధం అయ్యాక నాపోలి, కస్సీనో లాంటి చోట్ల పిల్లలకి తిండి లేదు. ఇటలీ మహిళల సంఘం వాళ్ళు, కమ్యూనిస్టు పార్టీ వాళ్ళు రైళ్ళు ఏర్పాటు చేసి ఆ పిల్లల్ని ఇక్కడ మా వైపు రైతుల ఇళ్ళకి తీసుకొచ్చారు, 1952 దాకా దాదాపు డెబ్బై వేల మంది. సంతోషాల రైళ్ళు అని పేరు. వీళ్ళేమీ డబ్బున్నవాళ్ళు కాదు, వీళ్ళవీ కాలిపోయిన ఊళ్ళే, ఉన్న ప్లేటు పక్కన ఇంకో ప్లేటు పెట్టారు, అంతే. అక్కడ ఊళ్ళో కొందరు పుకారు పుట్టించారు, కమ్యూనిస్టులు పిల్లల్ని తినేస్తారని, పిల్లలు దాన్ని నమ్మి రైల్లో ఏడుస్తూ వచ్చారట. కొన్ని నెలలకి తిరిగి వెళ్ళేటప్పుడు ఇక్కడి అమ్మని వదల్లేక ఏడ్చారట. కొంతమంది వెళ్ళలేదు కూడా, ఇక్కడే పెరిగి పెద్దవాళ్ళయ్యారు.

గోదావరి మనవడు:

మా తాతయ్య మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారండి, ఇటలీ వెళ్ళొచ్చారు. మా పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరే ఉంది, ఆ చుట్టుపక్కల నుంచి సైన్యంలోకి వెళ్ళడం మామూలే. సాపర్లు అంటే వంతెనలు వేసేవాళ్ళు, మందుపాతరలు తీసేవాళ్ళు. ఆ రెజిమెంటుకే చెందిన సుబేదార్ సుబ్రమణ్యం అనే ఆయన 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర మందుపాతర మీద పడుకుని పక్కవాళ్ళని కాపాడి ప్రాణం వదిలారు, బ్రిటిష్ వాళ్ళ సాహస పతకం జార్జ్ క్రాస్ ఇచ్చారు.

తాతయ్య యుద్ధం గురించి ఎక్కువ చెప్పేవారు కాదు. చెప్పిందల్లా ఒక్కటే, గుహల్లో ఉన్న జనం. మేం క్యాంపులో తింటుంటే పిల్లలు డబ్బాలు పట్టుకుని కాస్త దూరంలో నిలబడేవారు రా, అడిగేవారు కాదు, చూసేవారు, ఆ చూపుకి ముద్ద దిగేది కాదు అనేవారు. నేను పెద్దయ్యాక చదివితే తెలిసింది, ఆ మిన్యానో పక్కనే శాన్ పియేత్రో ఇన్‌ఫీనె అని ఊరు ఉంది, 1943 డిసెంబర్‌లో రెండు సైన్యాల మధ్యా ఇరుక్కుపోయింది, జనం చేతులతో గుహలు తవ్వుకుని వారాల తరబడి అందులోనే ఉన్నారు, ఆకలి దప్పిక చలి అన్నీ. బయటికొచ్చి చూస్తే ఊరు లేదు. కొత్త ఊరు కింద కట్టుకున్నారు, పాత ఊరు ఆ శిథిలాలుగానే ఇప్పటికీ ఉంచేశారు.

యుద్ధం అక్కడితో అయిపోలేదండి, 2019 డిసెంబర్‌లో బ్రిండిసిలో ఒక సినిమా హాలు రిపేర్లు చేస్తుంటే బ్రిటిష్ వాళ్ళ పాత బాంబు బయటపడింది. దాన్ని తీసే రోజు యాభై నాలుగు వేల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. ఎప్పుడో తాతల నాటి బాంబు, ఆదివారం పొద్దున్నే మనవలు పిల్లల్ని ఎత్తుకుని బయటికి నడవాల్సి వచ్చింది.

బొలోన్యా కుర్రాడు:

అందరికీ చాలా చాలా థాంక్స్, మాస్టారూ మీకు, అక్కా నీకు మరీ. మీరు రాసినవి రెండుసార్లు చదివి నిన్న రాత్రి భోజనం అయ్యాక నోన్నా పక్కన కూర్చుని రేషన్ కార్డు అన్న మాట ఇటాలియన్‌లో నేర్చుకుని అడిగా. తెస్సేరా అంటారు. ఆవిడ నా మొహం వైపు చూసి, లేచి వెళ్ళి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చింది. అందులో ఉంది కార్డు, చిన్న చిన్న కూపన్లు కత్తిరించిన గుర్తులతో, వాళ్ళమ్మ పేరు మీద.

వాళ్ళన్నయ్య సైన్యంలో ఉండేవాడట. సెప్టెంబర్ 8 తర్వాత జర్మన్లు ఆరు లక్షలకి పైగా ఇటాలియన్ సైనికుల్ని పట్టుకుపోయారు కదా, అందులో ఈయనా ఉన్నాడు. అక్కడ ఫ్యాక్టరీలో పని, టర్నిప్ గడ్డల నీళ్ళ సూపు. ఇక్కడ ఇంట్లో వాళ్ళమ్మ రొట్టె కాల్చిన ప్రతిసారీ కొడుకు వాటా అని ఒక రొట్టె విడిగా తీసి పెట్టేదట, ఇంట్లో పిల్లలకి చాలకపోయినా సరే. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వారం అయ్యాక తలుపు దగ్గరికి ఎవరొస్తే వాళ్ళకి ఇచ్చేసేది, పారిపోతున్న సైనికుడైనా, ఇల్లు పోయినవాళ్ళైనా, ఒకసారి భాష తెలీని ఖైదీలు ఇద్దరికి కూడా. ఇక్కడ నేనెవరి కొడుక్కో పెడితే అక్కడ నా కొడుక్కి ఎవరో ఒకరు పెట్టకపోతారా అనేదట. చిన్నపిల్ల కదా, నోన్నాకి ఆ రొట్టె మీద కోపం ఉండేదట, నాకు ఆకలేస్తుంటే బయటివాళ్ళకి ఇస్తుందని. ఒకసారి దాంట్లోంచి చిన్న ముక్క విరిచి తినేసిందట. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు పూడుకుపోయింది. ఎనభై ఏళ్ళు దాటిపోయింది, ఇంకా ఆ ముక్క గురించే.

అన్నయ్య 1945 ఎండాకాలం చివర్లో వచ్చాడట. గుమ్మంలో నిలబడితే వాళ్ళమ్మ మొదట గుర్తుపట్టక, తలుపు దగ్గరికొచ్చిన అందరికీ ఇచ్చినట్టే లోపలికెళ్ళి ఆ రొట్టె తెచ్చి చేతిలో పెట్టిందట.

ఆ గుడ్డసంచీలో ముక్కలతో ఏం చేస్తారో కూడా తెలిసింది, వాటిని తురిమి గుడ్డు, చీజు కలిపి పస్సతెల్లి అని సూపులో వేసి వండుతారు. ఆదివారం వండుతుందట, తురమడం నా పని అని చెప్పేసింది. రెజ్జో అన్నా, ఆ మ్యూజియంకి వచ్చే నెల వస్తా, నోన్నా కూడా వస్తానంటోంది, స్టేషన్ నుంచి అక్కడికి బస్ ఉందా, ఆవిడ ఎక్కువ నడవలేదు.